తొలి విమానంలో నిద్రమాత్ర వద్దు

ఆగస్టు వచ్చిందంటే శంషాబాద్ విమానాశ్రయం అర్ధరాత్రి కూడా పెళ్లివారి ఇల్లులా ఉంటుంది. ఎమ్మెస్ చదువులకు అమెరికా వెళ్లే పిల్లలు, సాగనంపడానికి వచ్చిన బంధువులు. ఐ-20 దగ్గరే పెట్టుకున్నావా, పచ్చళ్ల ప్యాకెట్లు కారవు కదా అంటూ వంద జాగ్రత్తలు. ఆ హడావుడిలో ఎవరో ఒకరు చేతిలో చిన్న మాత్ర పెడతారు. ‘అంతసేపు కూర్చోలేవు. ఇది వేసుకుని పడుకో, కళ్లు తెరిచేసరికి అమెరికా’ అంటారు. ప్రేమతోనే ఇస్తారు. అయినా సరే, మొహమాటపడకుండా వద్దని చెప్పండి. ఎందుకో చూద్దాం.

ముందు మీ ప్రయాణాన్ని గడియారం దగ్గర పెట్టుకుని లెక్కవేయండి. దోహా మీదుగా డాలస్ వెళ్తున్నారనుకుందాం. ఇక్కడ తెల్లవారుజామున 4 గంటల ప్రాంతంలో విమానం. మూడు గంటల ముందే అక్కడ ఉండాలి కాబట్టి ఆ రాత్రికి నిద్ర లేనట్టే. దోహాకు నాలుగు గంటలు పైచిలుకు. అక్కడ విమానం మారితే డాలస్‌కు మరో 16 గంటలు. దోహాలో ఉదయం 8కి బయల్దేరితే అదే రోజు సాయంత్రం 4కి డాలస్‌లో దిగుతారు. ఆగస్టులో మనకూ డాలస్‌కూ తేడా పదిన్నర గంటలు. అంటే అక్కడ సాయంత్రమైనా, మీ ఒంటికి మాత్రం మర్నాడు తెల్లవారుజామున 2.30. సరిగ్గా ఆ వేళకే మీరు ఇమిగ్రేషన్ వరుసలో నిలబడి ఉంటారు.

అసలు చిక్కు ఇక్కడే. పాస్‌పోర్టులో వీసా ఉన్నంత మాత్రాన ప్రవేశం ఖాయం కాదు. రానివ్వాలా వద్దా అన్నది తేల్చేది విమానాశ్రయంలోని అధికారే. ఏ యూనివర్సిటీ, ఏ కోర్సు, ఫీజు ఎవరు కడుతున్నారు, ఎక్కడ ఉంటారు... అడిగేవి మామూలు ప్రశ్నలే. కానీ మత్తు కళ్లతో, తడబడే మాటతో చెబితే మామూలు జవాబు కూడా అనుమానంగా వినిపిస్తుంది. ఆ తర్వాత పెట్టెలు తీసుకోవాలి, కస్టమ్స్ దాటాలి, కొందరైతే ఇంకో విమానం అందుకోవాలి. లక్షల రూపాయల అప్పు, రెండేళ్ల ప్రయత్నం చేతిలో పట్టుకుని మగతలో చేసే పనులు కావివి.

నిద్ర లేవగానే మెదడు పూర్తిగా తెరుచుకోదు. మాత్ర వేసుకోకపోయినా అంతే. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో కూలి 158 మంది చనిపోయారు. కెప్టెన్ ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయారని, లేచాక ఉండే ఆ జడత్వం ఆయన నిర్ణయశక్తిని దెబ్బతీసి ఉండొచ్చని దర్యాప్తు నివేదిక చెప్పింది. వేల గంటలు నడిపిన పైలట్‌కే అలా జరగవచ్చనుకుంటే, మొదటిసారి విమానం ఎక్కినవారు పైన మందు మత్తు కూడా కలుపుకోవడం ఎందుకు?

ఇంతకీ ఆ మాత్రల్లో ఏముంటుంది? సాధారణంగా చేతులు మారేవి ఆల్‌ప్రజోలమ్, జోల్పిడెమ్. మన దేశంలో రెండూ హెచ్1 షెడ్యూలులో ఉన్నాయి. అట్టమీద ఎర్రగీతల పెట్టెలో హెచ్చరిక ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినదాన్ని మందుల షాపువారు ప్రత్యేక రిజిస్టరులో రాయాలి. అంత కట్టడి ఉన్న మందును పక్కింటి అక్క ‘నాకేం కాలేదు’ అందని వేసుకోవడం సరికాదు. జోల్పిడెమ్ వేసుకున్న కొందరు నిద్రలోనే లేచి నడవడం, కారు నడపడం వంటివి చేశారని 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుపై అత్యంత తీవ్రమైన హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. ఇది వేసుకుంటే ఏడెనిమిది గంటలు పడుకునే వీలుండాలి. దోహా వరకూ ఉన్నది నాలుగు గంటలే. మత్తు దిగకముందే తెలియని ఎయిర్‌పోర్టులో గేటు వెతుక్కోవాలి. ఇక విమానంలో ఉచితంగా ఇచ్చే వైనుతో కలిపి వేసుకుంటే శ్వాస మందగించే ప్రమాదం ఉంది. జలుబుకు వాడే అవిల్, సెట్రిజిన్‌లను నిద్రకోసం మింగేవారూ ఉన్నారు. వాటి మగత మర్నాటిదాకా లాగుతుంది.

16 గంటల ప్రయాణంలో టైముంది కదా అంటారా? టైముంది గానీ మంచం లేదు. మామూలు నిద్రలో కాలు తిమ్మిరెక్కితే మెలకువ వచ్చి కదులుతాం. మందు నిద్రలో ముడుచుకున్న కాలు గంటలకొద్దీ అలాగే ఉండిపోవచ్చు. నాలుగు గంటలు మించిన ప్రయాణాల తర్వాత రక్తనాళాల్లో గడ్డలు కట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. కంగారుపడాల్సినంత పెద్ద సంఖ్య కాదు, 6 వేల మందిలో ఒకరికి. అయితే ఊబకాయం ఉన్నవారికి, ఈమధ్యే ఆపరేషన్ అయినవారికి, పీసీఓడీకో మరో కారణానికో ఈస్ట్రోజెన్ హార్మోను మాత్రలు వాడే అమ్మాయిలకు ఆ ముప్పు ఎక్కువ. ఈ మాట బయల్దేరేముందే డాక్టరుకు చెప్పండి. దిగాక ఒక కాలి పిక్క వాచి నొప్పిపెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ప్రయాణ బడలికే అని ఊరుకోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మెలటోనిన్ సంగతి వేరు. ఇది చీకటి పడ్డాక మన మెదడే విడుదల చేసే హార్మోను. అయిదు, అంతకన్నా ఎక్కువ టైమ్‌జోన్లు దాటేవారికి జెట్‌లాగ్ తగ్గించడంలో ఇది బాగా పనిచేస్తుందని కోక్రేన్ సమీక్ష తేల్చింది. ఎప్పుడంటే, దిగిన ఊళ్లో పడుకునే వేళకు వేసుకుంటేనే. తప్పు వేళలో వేసుకుంటే ఒంటి గడియారం ఇంకా గందరగోళపడుతుంది. అమెరికాలో దీన్ని చీటీ లేకుండానే అమ్ముతారు. అక్కడ 2023లో 25 రకాల మెలటోనిన్ గమ్మీలను పరీక్షిస్తే 22 రకాల్లో లేబుల్‌మీద రాసిన మోతాదుకూ లోపల ఉన్నదానికీ పొంతన లేదు. కాబట్టి దీనికీ డాక్టరు సలహా అవసరమే.

మరి ఏం చేయాలి? దోహాలో సీట్లో కూర్చోగానే గడియారాన్ని డాలస్ టైముకు మార్చేయండి. అప్పుడక్కడ అర్ధరాత్రి 12. మీరు ఎలాగూ ముందు రాత్రి పడుకోలేదు. మొదటి ఆరేడు గంటలే మీ రాత్రి. సినిమాలు, టీ, కాఫీలు అప్పుడు వద్దు. కళ్లకు గంతలు, చెవులకు దూది, మెడకింద దిండు పెట్టుకోండి. సీటుబెల్టు దుప్పటిపైన కనిపించేలా పెట్టుకుంటే కుదుపులప్పుడు సిబ్బంది మిమ్మల్ని లేపరు. నిద్ర పట్టకపోయినా కళ్లు మూసుకుని ఉండండి, విశ్రాంతి విశ్రాంతే. అక్కడ తెల్లవారే వేళ నుంచి దిగేదాకా మెలకువగా ఉండండి. అప్పుడు టీ తాగొచ్చు. గంటకోసారి మడమలు, వేళ్లు ఆడించండి, వీలున్నప్పుడల్లా లేచి నాలుగడుగులు వేయండి. క్యాబిన్ గాలి బాగా పొడిగా ఉంటుంది, నీళ్లు మర్చిపోవద్దు. దిగాక గదికి చేరగానే పరుపు ఎక్కకుండా రాత్రి 9 దాకా ఓపిక పట్టండి. ఒళ్లు కొత్త వేళకు అలవాటు పడటానికి వారమైనా పడుతుంది. ఆ వారంలో కారు నడపడం, ముఖ్యమైన ఇంటర్వ్యూలు పెట్టుకోకండి.

విమానమంటే విపరీతమైన భయం, ఏళ్లతరబడి నిద్రలేమి ఉన్నవారికి మందు నిజంగానే అవసరం కావచ్చు. దాన్ని డాక్టరే రాయాలి. మొదటి మోతాదు ఇంట్లో, అమ్మానాన్న ఉండగా వేసుకుని చూడాలి. మాత్రలను విడిగా కాకుండా అసలు ప్యాకింగులోనే, జెనరిక్ పేరున్న చీటీతో తీసుకెళ్లాలి. ఇలాంటి మందుల విషయంలో గల్ఫ్ దేశాల చట్టాలు కఠినం. మీరు మారే విమానాశ్రయం ఉన్న దేశంలో అనుమతి కావాలేమో ముందే కనుక్కోండి.

ఒక్క రాత్రి నిద్ర తగ్గితే వచ్చే నష్టం రెండు మూడు రోజుల్లో తీరిపోతుంది. ఇమిగ్రేషన్ కౌంటరు దగ్గర జరిగే పొరపాటు అలా తీరేది కాదు. రెండేళ్ల తర్వాత మీ పట్టా పండుగకు అమ్మానాన్నలు ఇదే దారిలో వస్తారు. బీపీకో షుగరుకో మందులు వాడే వయసు వారిది. వారి చేతిలోనూ ఎవరో ఒకరు ఆ చిన్న మాత్ర పెడతారు. వద్దని చెప్పాల్సింది అప్పుడు మీరే.