చివరి రోజు దాకా ముగ్గురూ

ఈ శతాబ్దపు ప్రపంచ మోటోక్రాస్‌లో మేటి సీజన్ ఏదని అడిగితే చాలామంది 2021 పేరే చెబుతారు. నా మాటా అదే. ఆ ఏడాది పెద్ద తరగతిలో, అంటే 450 సీసీ బైకులు పోటీపడే ఎంఎక్స్‌జీపీలో, 18 గ్రాండ్ ప్రీలు జరిగాయి. ఒక్కోదానికి రెండు రేసుల చొప్పున మొత్తం 36 రేసులు. జూన్ 13న రష్యాలో నల్లసముద్రం ఒడ్డున ఉన్న ఓర్ల్యోనోక్‌లో మొదలైన సీజన్ నవంబరు 10న ఇటలీలోని మాంటోవాలో ముగిసింది. ఆ చివరి రోజు పొద్దుటికి నెదర్లాండ్స్ రైడర్ జెఫ్రీ హెర్లింగ్స్, ఫ్రాన్స్ రైడర్ రొమేన్ ఫెవ్ర్, స్లొవేనియా రైడర్ టిమ్ గాయ్సర్ ముగ్గురికీ టైటిల్ గెలిచే అవకాశం ఉంది. వాళ్ల మధ్య తేడా వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని పాయింట్లే. హెర్లింగ్స్ ఆ రోజు రెండు రేసులూ గెలిచాడు. అతని మొత్తం 708, ఫెవ్ర్‌ది 703, గాయ్సర్‌ది 688. రేసు గెలిస్తే 25 పాయింట్లు, మూడో స్థానానికి 20. అయిదు నెలల పాటు రష్యా నుంచి ఇటలీ దాకా సాగిన పోటీ ఆ రెండు స్థానాల మధ్య తేడాతో తేలింది.

ఈ సీజన్‌ను చూపించి ఇప్పుడు కొందరు ఒక వాదన చేస్తున్నారు. రౌండ్లు ఎన్ని ఎక్కువైతే పోటీ అంత రక్తి కడుతుందనీ, వారం మధ్యలో కూడా రేసులు పెట్టి రైడర్లకు ఊపిరి సలపనివ్వకపోతేనే అసలు చాంపియన్ ఎవరో తేలుతుందనీ వాళ్లంటారు. నాకు ఈ వాదన తలకిందులుగా కనిపిస్తుంది. 2021 గొప్పదైంది దాని క్యాలెండర్ వల్ల కాదు. ఆ క్యాలెండర్‌ను తట్టుకుని ముగ్గురు మేటి రైడర్లూ చివరి రోజు గేటు దగ్గరికి రాగలిగారు కాబట్టి గొప్పదైంది. దానికి ముందూ తర్వాతా ఉన్న ఏళ్లను వరసగా చూస్తే ఇది ఎంత అరుదైన సంగతో అర్థమవుతుంది. ప్రపంచ చాంపియన్‌షిప్‌ను నడిపే అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య ఎఫ్‌ఐఎం, నిర్వాహక సంస్థ ఇన్‌ఫ్రంట్ మోటో రేసింగ్ కలిసి నిబంధనలను మార్చాలి. గాయపడిన రైడర్ ఒకటి రెండు వారాలు ఆగి, కోలుకుని తిరిగొచ్చినా పోటీలో నిలిచే వీలుండాలి. ఈ వారం నా వాదన ఇది.

ఈ ఆట స్వభావం తెలిస్తేనే గాయాల లెక్క అర్థమవుతుంది. ఒక్కో రేసు 30 నిమిషాలు, ఆపైన రెండు ల్యాపులు. నలభై మంది దాకా ఒకే వరసలో నిలబడతారు. ముందున్న గేటు నేలకు పడగానే అందరూ ఒక్కసారిగా మొదటి మలుపుకేసి దూసుకుపోతారు. అక్కడ వెనకబడినవాడు ముందువాళ్ల చక్రాలు ఎగజిమ్మే మట్టిలో సగం రేసు గడపాలి. బెల్జియంలోని లోమెల్‌లో ట్రాక్ అంతా లోతైన ఇసుక, చెక్ దేశంలోని లోకెట్‌లో రాయిలా గట్టిపడ్డ నేల. ఎక్కడైనా ల్యాపు ల్యాపుకూ గాడులు పడి దారి మారిపోతూనే ఉంటుంది. వంద కిలోలు దాటిన బండితో గాలిలోకి లేచిన మనిషి, కిందటి ల్యాపులో లేని గాడిలో దిగాల్సి రావచ్చు. అందుకే ఎముకలు విరుగుతాయి. దీన్ని పూర్తిగా ఆపడం ఎవరి తరమూ కాదు, ఆపాలని రైడర్లే కోరరు. విరిగిన తర్వాత ఏం జరగాలన్నది మాత్రం నిబంధనలు రాసేవాళ్ల చేతిలో ఉంది.

ఒక్క హెర్లింగ్స్ చరిత్రే తీసుకుందాం. 2014లో అతను చిన్న తరగతి ఎంఎక్స్2లో అందరికన్నా చాలా ముందున్నాడు. సీజన్ మధ్యలో ఒక చారిటీ రేసులో తొడ ఎముక విరిగింది. అది పూర్తిగా అతకకముందే, టైటిల్ చేజారిపోతోందని మెక్సికోలో చివరి రౌండ్‌కు వచ్చి బండెక్కాడు. అయినా సహచరుడు జోర్డి తిక్సియే 4 పాయింట్ల తేడాతో చాంపియన్ అయ్యాడు. పెద్ద తరగతికి వచ్చాక, 2018లో కాలర్‌బోన్ విరిగి ఒక రౌండ్‌కు దూరమయ్యాడు. అయినా పాల్గొన్న 19 గ్రాండ్ ప్రీల్లో 17 గెలిచి, 933 పాయింట్లతో, తొమ్మిది సార్లు ప్రపంచ చాంపియన్ అయిన ఇటలీ రైడర్ ఆంటోనియో కైరోలి కన్నా 151 పాయింట్లు ముందు నిలిచాడు. 2019లో సీజన్ మొదలుకాకముందే పాదం విరిగింది. అదే ఏడాది మధ్యలో కైరోలి కూడా భుజం గాయంతో తప్పుకున్నాడు, గాయ్సర్ చాంపియన్ అయ్యాడు. 2020లో పట్టికలో ముందున్న హెర్లింగ్స్ ఇటలీలోని ఫాయెంజాలో ప్రాక్టీసు చేస్తూ పడి మెడ ఎముకలకు గాయమై సీజన్ కోల్పోయాడు. మళ్లీ గాయ్సరే చాంపియన్. 2021లో సొంత దేశంలోని ఓస్‌లో భుజం వెనక ఎముక విరిగి కొన్ని రేసులకు దూరమయ్యాడు. అయినా 5 పాయింట్లతో గట్టెక్కాడు. అంటే ఈ తరంలో అందరికన్నా వేగమైన రైడర్‌కు పెద్ద తరగతిలో దక్కినవి రెండే టైటిళ్లు, ఆ రెండూ ఎముక విరిగిన ఏళ్లలోనే దక్కాయి. 2023లో అతను 102వ గ్రాండ్ ప్రీ గెలిచి బెల్జియం రైడర్ స్టెఫాన్ ఎవర్ట్స్ 101 విజయాల రికార్డును దాటాడు. ఎవర్ట్స్‌కు మాత్రం పది ప్రపంచ టైటిళ్లున్నాయి.

ఇది ఒక్క దురదృష్టవంతుడి కథ కాదు. 2021లో మొదటి ఇద్దరికి ఆ తర్వాత ఏమైందో చూడండి. మాంటోవా ముగిసిన మూడు వారాలలోపే పారిస్ సూపర్‌క్రాస్ అనే ప్రదర్శన రేసులో ఫెవ్ర్ కాలు విరిగింది, 2022 సీజన్‌లో చాలా భాగం అతనికి దక్కలేదు. 2022 ఫిబ్రవరిలో సీజన్ ఆరంభానికి ముందు ఒక ఫొటో షూట్‌లో హెర్లింగ్స్ మడమ ఎముక విరిగింది, ఏడాదంతా పోయింది. గాయ్సర్ పెద్దగా ఎదురులేకుండా గెలిచాడు. ఏడాది తిరక్కుండానే గాయ్సర్ వంతు వచ్చింది. 2023 సీజన్‌కు ముందు అతని తొడ ఎముక విరిగింది, స్పెయిన్ రైడర్ హోర్హే ప్రాడో టైటిల్ గెలిచాడు. 2025 ఆరంభంలో బాగా రాణిస్తున్న గాయ్సర్‌ను స్విట్జర్లాండ్‌లో భుజం గాయం దెబ్బకొట్టింది. అంతకు పదేళ్ల ముందు 2015లో తొలిసారి చాంపియన్ అయిన ఫెవ్ర్ 33 ఏళ్ల వయసులో రెండోసారి గెలిచాడు. ఫెవ్ర్ గెలుపు నాకెంతో నచ్చింది, గెలిచినవాళ్లెవరి గొప్పతనాన్నీ నేను తగ్గించడం లేదు. గెలిచినవాడు ఓడించాల్సినవాళ్లు ఎదురుగా లేకపోవడం గెలిచినవాడికి కూడా నష్టమే.

ఇక క్యాలెండర్ సంగతి. 2020, 2021 సీజన్లను కోవిడ్ తరుముకొచ్చింది. ప్రయాణాలు తగ్గించడానికి ఒకే ట్రాక్‌లో ఆదివారం, బుధవారం, మళ్లీ ఆదివారం రేసులు పెట్టారు. ఫాయెంజాలో హెర్లింగ్స్ పడింది అలాంటి వారం మధ్య రౌండ్‌లోనే. 2021లో అక్టోబరు 24 నుంచి నవంబరు 10 వరకూ 18 రోజుల్లో అయిదు గ్రాండ్ ప్రీలు, పది రేసులు నడిచాయి. అది ఆపద్ధర్మం, తప్పుబట్టలేం. ఆ ఒత్తిడి పోయిన తర్వాత మాత్రం పని తగ్గలేదు, పెరిగింది. 2023 నుంచి శనివారం జరిగే అర్హత రేసుకు కూడా పాయింట్లు ఇస్తున్నారు. మొదటి స్థానానికి 10, పదో స్థానానికి 1. అంతకుముందు ఆ రేసు గేటు దగ్గర ఎవరు ముందు చోటు ఎంచుకోవాలో తేల్చేది, అంతే. నొప్పి ఉన్న రైడర్ శనివారం కాస్త నెమ్మదిగా నడిపి, ఒంట్లో శక్తిని ఆదివారానికి దాచుకోగలిగేవాడు. ఇప్పుడు ఆ వీలు లేదు. 20 రౌండ్ల సీజన్‌లో శనివారాల పాయింట్లన్నీ కలిపితే 200. ఆదివారం రెండు రేసులూ గెలిస్తే వచ్చేవి 50. అంటే ఏడాదికి నాలుగు అదనపు గ్రాండ్ ప్రీల బరువును ఎవరికీ చెప్పకుండా క్యాలెండర్‌లో చేర్చినట్టే. 2024లో స్పెయిన్‌లోని కోసార్‌లో చివరి రౌండ్‌కు వచ్చేసరికి గాయ్సర్ 7 పాయింట్లు ముందున్నాడు. రౌండ్ ముగిసేసరికి ప్రాడో 10 పాయింట్ల తేడాతో చాంపియన్. ఇంత దగ్గరి పోరులో శనివారం పది పాయింట్ల విలువ ఏమిటో వేరే చెప్పాలా?

నేను కోరేవి రెండు మార్పులు. శనివారం పాయింట్లు ఎత్తేయాలి. ప్రతి రైడర్ లెక్కలోంచీ ఏడాదిలో అతి తక్కువ పాయింట్లు వచ్చిన రెండు రౌండ్లు తీసేయాలి. రెండోది కొత్త ఆలోచనేమీ కాదు. 1957లో ప్రపంచ చాంపియన్‌షిప్ మొదలైన తొలి దశాబ్దాల్లో మంచి ఫలితాలనే లెక్కలోకి తీసుకునేవారు. ఇప్పటికీ ఈ ఆటలో అతి పెద్ద జట్టు పోటీ అయిన మోటోక్రాస్ ఆఫ్ నేషన్స్‌లో ప్రతి జట్టులోని ముగ్గురు రైడర్లకు కలిపి వచ్చే ఆరు ఫలితాల్లో అన్నిటికన్నా చెడ్డదాన్ని వదిలేస్తారు. అదే 2021 సెప్టెంబరులో, అదే మాంటోవాలో, ఆ నిబంధన ప్రకారమే ఇటలీ ఒక్క పాయింటుతో నెదర్లాండ్స్‌ను ఓడించింది. ప్రేక్షకులకు లెక్క అర్థం కాదన్న అభ్యంతరానికి ఆ రోజు స్టాండ్లలోని జనమే జవాబు. కాగితం మీద కూడికలు, తీసివేతలు చేసుకుంటూ పోటీ చూడటం అభిమానికి భారం కాదు, అదే సగం ఆనందం.

దీని మీద వచ్చే అభ్యంతరాల్లో గట్టివి ఉన్నాయి. మొదటిది ఫార్ములా వన్ అనుభవం. 1988లో అక్కడ 16 రేసుల్లో 11 మంచి ఫలితాలనే లెక్కించేవారు. మొత్తం పాయింట్లు చూస్తే అలాన్ ప్రోస్ట్‌కు 105, అయర్టన్ సెన్నాకు 94. లెక్కలోకి వచ్చినవి మాత్రం సెన్నాకు 90, ప్రోస్ట్‌కు 87. టైటిల్ సెన్నాదైంది. ఏడాదంతా నిలకడగా నడిపినవాడికి అన్యాయం జరిగిందని ఇప్పటికీ అనేవాళ్లున్నారు, అందులో కొంత నిజముంది. కాకపోతే అక్కడ 16లో 5 ఫలితాలు, అంటే దాదాపు మూడో వంతు తీసేశారు. నేనడుగుతున్నది 20లో 2. ఏడాదంతా నిలకడగా ఉన్నవాడికి ఆ నిలకడ విలువ 18 రౌండ్లలో దక్కుతుంది.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది. పైన చెప్పిన గాయాల్లో కొన్ని గ్రాండ్ ప్రీల్లో తగిలినవే కావు కదా అంటారు. చారిటీ రేసు, ఫొటో షూట్, పారిస్ సూపర్‌క్రాస్, వీటికి క్యాలెండర్‌ను ఎలా తప్పుపడతారు? నిజమే, మడమ ఎముక విరిగి ఏడాదంతా మంచాన పడ్డవాడికి రెండు రౌండ్ల మినహాయింపు ఏమీ చేయలేదు. నేను ప్రతిపాదించేది ఆ గాయాలకు మందు కాదు. అయినా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2021 సీజన్ నవంబరు 10న ముగిస్తే 2022 సీజన్ ఫిబ్రవరి 20న ఇంగ్లండ్‌లో మొదలైంది. ఆ మూడు నెలల పైచిలుకులోనే పాత గాయాలు మానాలి, కొత్త బండి సిద్ధం కావాలి, స్పాన్సర్ల పని, ప్రదర్శన రేసులు, ఫొటోలు అన్నీ పూర్తికావాలి. గాయాలన్నిటికీ ఇదే కారణమని నేననను. విశ్రాంతికి చోటే లేని ఏడాదిలో ప్రతి పనీ అలసిన ఒంటితోనే చేయాల్సి వస్తుందని మాత్రం అంటాను.

అమెరికన్లు ఇంతకన్నా ఎక్కువ రేసులు ఆడరా అని అడిగేవాళ్లకు అక్కడ స్టేడియాల్లో జరిగే సూపర్‌క్రాస్ 2023 సీజన్ చాలు. మరొక్క రౌండ్ మాత్రమే మిగిలుందనగా డెన్వర్‌లో, పాయింట్లలో ముందున్న ఎలై టోమాక్ మడమ పైనుండే అకిలీస్ స్నాయువు తెగింది. టైటిల్ చేజ్ సెక్స్‌టన్‌కు దక్కింది. ఎక్కువ రేసులు గాయాల సమస్యను పరిష్కరించవని ఆ దేశమూ చూపించింది.

దెబ్బలు తట్టుకోవడం కూడా రైడర్ ప్రతిభలో భాగమేనన్నది ఇంకో వాదన. పడకుండా నడపడం ప్రతిభే, ఒప్పుకుంటాను. గాయంతోనే నడపడం ప్రతిభ కాదు. 2014లో అతకని తొడ ఎముకతో ఇరవై ఏళ్ల కుర్రాడు మెక్సికోకు వెళ్లడాన్ని ధైర్యమని పొగిడినవాళ్లున్నారు. ఆ ధైర్యం నాకూ కనిపిస్తుంది. దానికన్నా ముందు, అతన్ని అక్కడికి తోసిన పాయింట్ల పట్టిక కనిపిస్తుంది. ఒక్క రౌండ్ తప్పిపోతే 50 పాయింట్ల దాకా పోతాయన్న లెక్క తలకెక్కితే ఎవరూ ఇంట్లో కూర్చోరు.

నా ప్రతిపాదనతో ఒక నష్టం ఉంది, దాన్ని దాచను. రెండు రౌండ్లు తీసేసే నిబంధన 2021లోనే ఉండుంటే, ఓస్ గాయం వల్ల హెర్లింగ్స్ పోగొట్టుకున్న పాయింట్లు లెక్కకు రాకుండా అతను ముందే టైటిల్ ఖాయం చేసుకునేవాడేమో. అప్పుడు చివరి రోజు ఆ ఉత్కంఠ మనకు దక్కేది కాదు. ఒక్క సీజన్‌లో అది నిజంగా లోటే. దానికి బదులుగా పదేళ్లలో నాలుగైదు సీజన్లు చివరిదాకా బతికి ఉంటాయంటే, ఆ బేరానికి నేను సిద్ధం.

ఇక మిగిలింది నిర్వాహకుల భయం. రెండు రౌండ్లు లెక్కలోకి రావంటే పెద్ద రైడర్లు అర్జెంటీనాకో చైనాకో రావడం మానేస్తారు, టికెట్లు ఎవరు కొంటారు, డబ్బు పోసి రేసు తెచ్చుకున్న ఆ దేశాలకు ఏం చెబుతారు? ఇది న్యాయమైన ప్రశ్న, దీనికి జవాబు నిబంధనలోనే రాయవచ్చు. కారణం లేకుండా రాని రౌండ్‌ను లెక్కలోంచి తీసేయడానికి వీల్లేదు, ఆ సున్నా పట్టికలో ఉండిపోవాలి. ఎఫ్‌ఐఎం వైద్యుడు పరీక్షించి నడపవద్దని రాసిచ్చిన రౌండ్‌నూ, గేటు దగ్గరికి వచ్చి పోటీపడిన రౌండ్‌నూ మాత్రమే తీసేయవచ్చు. అప్పుడు దూరమని ఎవరూ ఎగ్గొట్టలేరు. భుజం ఎముక విరిగిన రైడర్‌ను రెండు వారాలు ఆగమని డాక్టర్ చెబితే, ఎలాగైనా నడపాల్సిందేనని ఒత్తిడి పెట్టడానికి టీమ్ మేనేజర్ దగ్గర కారణమూ ఉండదు.