చిన్నమ్మ అడిగిన రెండు ప్రశ్నలు

2021 ఏప్రిల్. ఖమ్మం జిల్లాలోని మా ఊళ్లో మిరపకాయలు ఏరే పని ఆఖరుకొచ్చింది. నలభై అయిదేళ్లు దాటినవాళ్లందరూ కరోనా టీకా వేయించుకోవాలని ఊళ్లో చెప్పి వెళ్లారు. మా చిన్నమ్మ వేసుకోనంది. ఇంటికొచ్చిన నర్సమ్మను ఆమె అడిగినవి రెండే ప్రశ్నలు. "సూదేస్తే జొరమొస్తదంటున్నరు. మూడు రోజులు మంచాన పడితే నా కూలి ఎవరిస్తరు?" అన్నది మొదటిది. రెండోది గొంతు తగ్గించి అడిగింది: "అప్పుడు భద్రాచలం పిల్లలకు వేసిన్రు చూడు, ఇది గూడ అసుంటిదేనా?"

నర్సమ్మ ఆ రోజు ఇంకా చాలా ఇళ్లు తిరగాలి. "ఏం కాదమ్మా, భయపడకు" అని వెళ్లిపోయింది. ఆమెను తప్పుపట్టను. కానీ జ్వరం వస్తుందని చిన్నమ్మకు అప్పటికే తెలుసు, పక్కింటాయనకు వచ్చింది. కళ్లముందు కనబడుతున్న జ్వరాన్నే లేదనేవాళ్లు తక్కినవన్నీ నిజమే చెబుతున్నారని ఆమె ఎలా నమ్ముతుంది?

అలాంటి వాళ్ల గురించి ఆ రోజుల్లో మూఢనమ్మకం అన్నారు, చదువు లేకపోవడం అన్నారు. ఆ మాటలు నాకు అప్పుడే కష్టంగా తోచాయి. ఈ టీకా దగ్గర ముందుగా తటపటాయించింది ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లే. జనవరి 16న టీకాలు మొదలైంది వైద్య సిబ్బందితో. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన కొవాగ్జిన్‌కు మూడో దశ పరీక్షల ఫలితాలు రాకముందే, 'క్లినికల్ ట్రయల్ పద్ధతి' అనే షరతుతో అనుమతి ఇచ్చారు. వేసుకునేవాళ్ల చేత అంగీకార పత్రం మీద సంతకం పెట్టించారు. ఢిల్లీలో కొందరు రెసిడెంట్ డాక్టర్లు తమకు దాని బదులు రెండో టీకా కొవిషీల్డ్ ఇవ్వమని రాసిచ్చారు. మార్చిలో తొలి ఫలితాలు వచ్చాక ఆ షరతు తీసేశారు. డాక్టర్లను ఎవరూ అజ్ఞానులనలేదు, అనకూడదు కూడా. తమ ఒంట్లోకి ఎక్కించే మందు గురించి అడిగే హక్కు వాళ్లకెంత ఉందో మిరపకాయలు ఏరే మనిషికీ అంతే ఉంది.

రెండో ప్రశ్న దగ్గర నేను చాలాకాలం ఆగిపోయాను. 2009 జులైలో, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా అది. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం. ఇక్కడ దాదాపు 14 వేల మంది పిల్లలు, గుజరాత్‌లో మరికొన్ని వేల మంది. ఇక్కడి పిల్లల్లో చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకునే ఆదివాసీ ఆడపిల్లలు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో పని ఆపేశారు. వాళ్లలో నీళ్లలో మునిగి ఒకరు, పాము కరిచి ఒకరు, మలేరియాతో ఒకరు, పురుగుమందు తాగి ఇద్దరు. ఈ చావులకూ టీకాకూ సంబంధం కనబడలేదని విచారణలో తేల్చారు. అది నిజమని నేనూ నమ్ముతున్నాను.

అదే విచారణ అంగీకార పత్రాలనూ తిరగేసింది. 9,543 పత్రాల్లో 2,763 మీద సంతకం హాస్టల్ వార్డెన్లది. 1,948 మీద వేలిముద్రలు. అమ్మానాన్నా బతికుండగా, బస్సెక్కితే చేరగలిగే ఊళ్లో ఉండగా, వాళ్లను అడగకుండా పిల్లలకు సూది వేశారు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆ నివేదిక మా ఊళ్లో ఎవరూ చదవలేదు. పిల్లలు పోయారన్న మాట మాత్రం అందరికీ చేరింది. పన్నెండేళ్ల తర్వాత, మహమ్మారి వచ్చినప్పుడు, ఆ మాట చిన్నమ్మ నోటి నుంచి వచ్చింది.

ఇలాంటి జ్ఞాపకాలు మన దగ్గరే ఉన్నాయనుకోనక్కర్లేదు. పోలియో చుక్కలు వేస్తే పిల్లలు పుట్టరన్న వదంతి ఉత్తరప్రదేశ్‌లో అంతగా నాటుకుపోయిందంటే, ఎమర్జెన్సీనాటి బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లను అక్కడ ఎవరూ మర్చిపోకపోవడం వల్లే. ఆ వదంతిని పోగొట్టడానికి ఇమాములు మసీదుల్లో మాట్లాడారు, ఆడవాళ్లు ఏళ్ల తరబడి గడపగడపా ఎక్కి దిగారు. మనమేమో తొందరపడ్డాం. టీకా వేసుకోకపోతే రేషన్, పింఛన్ ఆగిపోతాయన్న మాట 2021 అక్టోబరులో తెలంగాణ అంతా పాకింది. అలాంటి నిర్ణయమేదీ లేదని ఆరోగ్యశాఖ చెప్పుకోవాల్సి వచ్చింది. బియ్యం ఆపుతారన్న భయంతో చెయ్యి చాచిన మనిషి, రేపు ఇంకో టీకాకు ఏ నమ్మకంతో వస్తుంది?

ఆ ఏప్రిల్‌లో నర్సమ్మ వెళ్లాక, మా ఊరి ఆశా కార్యకర్త చిన్నమ్మ ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుంది. తనకు ఏ పూట జ్వరం వచ్చిందో, ఎప్పుడు తగ్గిందో చెప్పింది. "ఒకటి రెండు రోజులు ఒళ్లు నొప్పులుంటయి అత్తా. గోళీలిస్త. మిర్చి పని అయినంక పోదాం" అంది. సూది వేశాక అరగంట కూర్చోబెట్టడం ఎందుకో కూడా చెప్పింది: ఎక్కడో ఒకరికి మందు పడక ఊపిరి అందకుండా పోతుంది, అక్కడే ఉంటే కాపాడొచ్చు. 2021 జూన్‌లో కేంద్ర కమిటీ టీకా వల్లనే జరిగిందని తొలిసారి నిర్ధారించిన మరణం అలాంటిదే. భద్రాచలం సంగతి అడిగితే మాత్రం "నాకు తెల్వదత్తా, అడిగొచ్చి చెప్త" అంది. చిన్నమ్మ మెత్తబడింది ఆ మాటకేనని నా అనుమానం.

మిర్చి పని అయ్యేసరికి మే వచ్చింది. టీకాల కొరతతో రాష్ట్రంలో మొదటి డోసులు ఆపేశారు. రెండో వేవ్ ఊరూరా మనుషుల్ని తీసుకుపోతున్న ఆ నెలంతా ఆమె ఫోన్ ఎత్తడం ఆలస్యమైతే నా చేతులు వణికేవి. జూన్‌లో వేయించుకుంది. మొదటి రోజే ఎవరైనా ఆమె ముందు పది నిమిషాలు కూర్చుని ఉంటే ఆ నెల మాకు తప్పేది.

9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకాను ప్రోత్సహిస్తామని 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించింది. దేశంలో ఏటా 70 వేల మందికి పైగా ఆడవాళ్లను ఈ క్యాన్సర్ తీసుకుపోతోంది. ఆ టీకా పిల్లలందరికీ అందాలని మనసారా కోరుకుంటున్నాను. చిన్నమ్మ మనవరాలికి ఇప్పుడు పదకొండేళ్లు, హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఆ పిల్ల అంగీకార పత్రం హాస్టల్ ఆఫీసులో ఆగకుండా ఇంటికి రావాలి. దాంతోపాటు, అరుగు మీద కూర్చోగల తీరిక ఉన్న మనిషిని పంపాలి. చిన్నమ్మ ఈసారి రెండు ప్రశ్నలతో ఊరుకోదు.