గీతలు పెట్టింది ఎవరు?

దసరా సెలవులకి విజయవాడ వెళ్లేసరికి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెద్ద గొడవ నడుస్తోంది. మొదలుపెట్టింది మా నాన్నే. మిట్టమధ్యాహ్నం ఎండలో మా నల్ల కారు బానెట్ ఫొటో తీసి, సాలెగూడులా మెరుస్తున్న సన్నటి గీతల చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, "కార్లు తుడిచే అతని పనితనం చూడండి" అని పెట్టారు. సాయంత్రానికి ఇంకో నలుగురు వాళ్ల కార్ల ఫొటోలు పెట్టారు. రెండో రోజుకి ఆయనకి ఆ నెల డబ్బులు ఆపేయాలని కమిటీ తేల్చేసింది.

ఆయన్ని మేం పిల్లలందరం బాబాయ్ అంటాం. నేను ఇంటర్ చదివేటప్పుడు కాలేజీ బస్సు కోసం పొద్దున ఐదున్నరకి కిందకి దిగితే, అప్పటికే రెండు మూడు కార్లు పూర్తి చేసి ఉండేవారు. ఒక బకెట్, ఒక గుడ్డ, పద్నాలుగు కార్లు. కారుకి నెలకి 500 రూపాయలు. (మొదటి డ్రాఫ్టులో నాన్నకి 'అన్నారు' అనీ, బాబాయ్‌కి 'అన్నాడు' అనీ రాశాను. మన ఎడిటర్ అక్క పట్టుకుంది. మార్చాను.)

ఆ డబ్బులు ఆపడం అన్యాయం అని నా వాదన. కానీ అది వాదించాలంటే ముందు ఆ గీతలు ఏంటో తెలియాలి. గ్రూపులో పెద్దవాళ్లు ఎవరూ దాని జోలికి వెళ్లలేదు.

నాన్న దగ్గర ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం ఇది: "గీతలు గుండ్రంగా ఉన్నాయి చూడు. గుడ్డ గుండ్రంగా తిప్పి తిప్పి రుద్దాడు." వినడానికి బానే ఉంది. కానీ ఆ గీతలు చాలావరకు గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కులకీ అడ్డదిడ్డంగా పోయే సన్నటి గీతలవి. వాటిలో వెలుతురు వచ్చే దారికి అడ్డంగా ఉన్నవి మాత్రమే ఆ వెలుతురుని మన కంటివైపు తిప్పి పంపుతాయి, మిగతావి కనిపించవు. అందుకే సూర్యుడు ప్రతిఫలించే చోటు చుట్టూ వలయాలు ఉన్నట్టు అనిపిస్తుంది. మీరు రెండడుగులు పక్కకి జరగండి, వలయాలు కూడా మీతోపాటు జరుగుతాయి. నిజంగా గుండ్రటి గీతలే అయితే అవి జరగకూడదు కదా. కారు లేనివాళ్లు హాస్టల్ మెస్‌లో పాత స్టీలు కంచాన్ని ట్యూబ్‌లైట్ కింద కాకుండా ఎండలో పట్టుకుని చూడండి, అదే కనిపిస్తుంది. ఆ కంచాన్ని ఎటు రుద్ది తోమారో ఆ వలయాలు చెప్పలేవు. బాబాయ్ గుడ్డ ఎటు తిప్పారో మా బానెట్ కూడా చెప్పలేదు.

ఇంకో విషయం. ఫొటోలు పెట్టిన ఐదుగురివీ ముదురు రంగు కార్లే. తెల్ల కార్లవాళ్లు ఒక్కరూ మాట్లాడలేదు. వాటి మీద గీతలు లేక కాదు, తెలుపు మీద కనపడక.

మరి గీతలు ఎలా పడ్డాయి? గుడ్డ వల్ల కాదు, గుడ్డ కింద ఉన్న దుమ్ము వల్ల. మన రోడ్ల దుమ్ములో ఇసుక రేణువులు ఉంటాయి. ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ గాజుని కూడా గీస్తుంది, కారు పెయింటు దాని ముందు ఎంత? బండి మీద పొడి దుమ్ము ఉండగా ఎంత మెత్తటి గుడ్డతో తుడిచినా, ఆ రేణువుల్ని పెయింటు మీద ఈ చివర నుంచి ఆ చివరకి ఈడ్చినట్టే.

ఇప్పుడు అసలు సంగతి. బాబాయ్ ఒక్కో కారుని వారానికి రెండుసార్లు, నీళ్లతో కడుగుతారు. మా నాన్న వారానికి ఆరు రోజులు, ఆఫీసుకి బయల్దేరే ముందు, డిక్కీలోంచి పసుపు గుడ్డ తీసి పొడి పొడిగా దులుపుతారు. నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నా. శ్రద్ధగా, ప్రేమగా దులుపుతారు. ఆ గుడ్డ కిందపడినా ఒకసారి విదిలించి మళ్లీ వాడతారు. లెక్క మీరే వేసుకోండి.

అలాగని బాబాయ్ పద్ధతిలో తప్పు లేదని చెప్పను. ఒకే బకెట్ నీళ్లతో రెండు మూడు కార్లు అయ్యేసరికి అడుగున బురద చేరుతుంది. గుడ్డ అందులోనే ముంచి తర్వాతి కారు మీద పెడితే, ముందు కారు ఇసుక తర్వాతి కారుకి వెళ్తుంది. దీనికి విరుగుడు తెలిసిందే: ముందు పైపుతో నీళ్లు కొట్టి వదులు దుమ్ము పోగొట్టాలి, షాంపూ నీళ్లకి ఒక బకెట్, గుడ్డ జాడించడానికి ఇంకో బకెట్ పెట్టుకోవాలి, పైనుంచి కిందకి రావాలి, చక్రాలకి వేరే గుడ్డ వాడాలి, చివర్లో మైక్రోఫైబర్‌తో తడి అద్దాలి. కానీ పార్కింగ్‌లో పైపు వాడకూడదని రూలు పెట్టింది మా కమిటీయే, బోరు నీళ్లు వృథా అవుతాయని. రెండో బకెట్ ఎవరూ కొనివ్వలేదు. ఆయన వాడే గుడ్డ కూడా ఎవరింట్లోదో పాత బనియన్. మనం ఇచ్చిన బకెట్‌తో, మనం పెట్టిన రూలుతో పనిచేస్తే వచ్చిన ఫలితానికి ఆయన జీతం ఎలా కోస్తాం?

నేను ఇదంతా మొదట్లోనే తెలుసుకున్నానని అనుకోకండి. ముందు నేను చేసిన పని వేరు. యూట్యూబ్‌లో చూసి, టూత్‌పేస్ట్ తీసుకుని డ్రైవర్ వైపు డోరు మీద జానెడు మేర రుద్దాను. టూత్‌పేస్ట్‌లో సన్నగా గీకే పొడి ఉంటుంది కాబట్టి అది కొంచెం పనిచేస్తుంది కూడా. గీతలు పోయాయి, వాటి బదులు పొగ పట్టినట్టు ఒక మచ్చ వచ్చింది. అది ఇప్పటికీ ఉంది. నాన్న ఇంకా చూడలేదు. ఈ మ్యాగజైన్ ఆయన చదవరని నమ్మకంతో రాస్తున్నా.

ఆ మచ్చ వల్లే పెయింటు గురించి చదివాను. కారు మీద మనకి కనిపించే రంగు పైన పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది, క్లియర్ కోట్ అంటారు. దాని మందం సుమారు 35 నుంచి 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక కంటే పల్చన. ఈ సన్నటి గీతలన్నీ ఆ పొరలోనే ఉంటాయి. ఎండ నుంచి కింది రంగుని కాపాడేది కూడా అదే. పాలిష్ అంటే గీతని పూడ్చడం కాదు, గీత అడుగు వరకూ చుట్టుపక్కల పొరని అరగదీసి చదును చేయడం. తేలికపాటి పాలిష్‌కి మైక్రాన్ అటూ ఇటూ పోతుంది, మిషన్‌తో కాంపౌండ్ గట్టిగా కొడితే ఇంకా ఎక్కువ. పోయిన పొర తిరిగి రాదు. పాత కార్ల బానెట్ మీద, టాప్ మీద తెల్లగా పొట్టు లేచినట్టు ఉండటం చూసే ఉంటారు. ఆ పొర చచ్చిపోతే అలా ఉంటుంది.

కొన్ని పాలిష్‌లు అసలు అరగదీయవు. వాటిలోని నూనెలు గీతల్లో నిండి మెరిపిస్తాయి. నాలుగు ఉతుకులకి నూనె పోయి, గీతలు యథాతథంగా బయటకొస్తాయి.

ఇది తెలియక నాన్న ఒక షాపుకి వెళ్లి సిరామిక్ కోటింగ్‌కి ధర కనుక్కుని వచ్చారు. 18 వేలు. "9హెచ్ గట్టిదనం, ఇక గీతలే పడవు" అన్నారట. ఫస్టియర్ డ్రాయింగ్ క్లాసులో 2హెచ్ పెన్సిల్ వాడాం, గుర్తుందా? ఆ హెచ్ ఇదే. పెన్సిల్ మొనతో గీసి చూసే పరీక్ష అది. ఇసుకకీ దానికీ పోటీ లేదు. ఆ కోటింగ్ వల్ల నీళ్లు జారిపోతాయి, కడగడం తేలికవుతుంది, అంతవరకు మంచిదే. పసుపు గుడ్డ నుంచి మాత్రం కాపాడదు. 18 వేలు అంటే బాబాయ్ మా ఒక్క కారు మూడేళ్లు కడిగితే వచ్చే డబ్బు.

కాబట్టి నా మాట: గోరు పెట్టి చూడండి. గోరు తట్టుకునేంత లోతు గీతని పాలిష్‌తో తీయాలని చూడొద్దు, పొరే పోతుంది. గోరుకి తగలని సన్నటి గీతలైతే, ముందు తుడిచే పద్ధతి మార్చుకోండి, తర్వాత ఎప్పుడో ఒకసారి పాలిష్ కొట్టించుకోండి. పద్ధతి మార్చకుండా ఏడాదికోసారి పాలిష్ కొట్టించడం అంటే మెమరీ లీక్ ఉన్న ప్రోగ్రామ్‌ని రోజూ రీస్టార్ట్ చేయడం లాంటిది. తేడా ఏంటంటే ఇక్కడ ర్యామ్ తిరిగి రాదు.

ఇదంతా నాన్నకి చెప్పాను. ఆయన్ని పార్కింగ్‌కి తీసుకెళ్లి, ఎండలో రెండడుగులు పక్కకి జరిపి వలయాలు జరగడం చూపించాను. చాలాసేపు అటూ ఇటూ నడిచి చూశారు. "అయితే ఏంటి, నేనే గీశానంటావా?" అన్నారు. అవునన్నాను. ఆ రోజు భోజనాల దగ్గర మాట్లాడలేదు.

మర్నాడు ఆరు మైక్రోఫైబర్ గుడ్డలు, ఒక బకెట్ కొనడానికి డబ్బులు మాత్రం ఇచ్చారు. బాబాయ్‌కి ఇస్తే ఆయన బకెట్ తీసుకుని, "గుడ్డలు చాలా ఖరీదేమో బాబూ, ఇవి ఎవరైనా పట్టుకెళ్లిపోతే మళ్లీ నా మీదే పడుద్ది" అన్నారు. వాటిని మా ఇంట్లోనే పెట్టి, పొద్దున్నే అమ్మ ఇచ్చేలా ఒప్పించాను.

గ్రూపులో నాన్న ఫొటో ఇంకా అలాగే ఉంది, కింద పదకొండు బొటనవేళ్లు ఉన్నాయి. ఒక్క లైన్ రాయండి, పొరపాటు పడ్డానని పెట్టండి, బాబాయ్‌కి ఆపిన నెల డబ్బులు వస్తాయి అని ప్రతి ఆదివారం ఫోన్‌లో అడుగుతున్నా. "చూద్దాంలే, ముందు నీ మిడ్స్ సంగతి చూసుకో" అంటున్నారు.