నొక్కునకు సొమ్ము – సంఘమునకు లాభమా, నష్టమా?

మన సభ్యులు పండించిన సరకును దళారుల ప్రమేయము లేకుండ పట్టణవాసులకు నేరుగా అమ్మవలెనను కోరిక నానాటికి బలపడుచున్నది. అది మెచ్చదగిన కోరికయే. అందులకై గూగుల్‌లో సంఘము పేర ప్రకటనలిచ్చుట మేలని కొందఱును, అది సొమ్మును నీళ్లపాలు చేయుటయని కొందఱును వాదించుచున్నారు. ఈ సొమ్ము ఏ యొక్కరిదియు గాదు. చిన్న రైతులు వాటాలరూపమున కూడబెట్టిన ఉమ్మడి ధనము. కావున ఉత్సాహముచేత గాని భయముచేత గాని కాక, లెక్కచేత తీర్మానించుకొనుట మన విధియని మా యభిప్రాయము.

ముందుగా ఈ ప్రకటనల తీరు తెలిసికొనవలెను. పట్టణమందలి గృహస్థు తన ఫోనులో బంగినపల్లి మామిడి యని వ్రాసి వెదకునపుడు, కొన్ని ప్రకటనలు అతనికి కనబడును. కనబడినంత మాత్రమున మనము చెల్లింప నక్కఱలేదు. అతడు ప్రకటనను నొక్కి మన వెబ్‌సైటునకు వచ్చినపుడే చెల్లింపవలెను. ఈ పద్ధతిని 1998లో అమెరికాయందు గోటూ అను సంస్థ ప్రచారములోనికి తెచ్చెను. 2000లో ప్రకటనల వ్యాపార మారంభించిన గూగుల్, 2002లో నొక్కునకు ఇంతయను వేలమునకు మారెను. గుంటూరు మిర్చి యార్డులో మనము అమ్ముదుము, వర్తకులు పాట పాడుదురు. ఇచ్చట పాట పాడవలసినది మనమే. అయితే హెచ్చు పాటకే స్థానము దక్కునను నియమము లేదు. వెదకిన దానికి ప్రకటన ఎంతవఱకు తగియున్నదో, వచ్చినవానికి మన వెబ్‌సైటు ఎంత యుపయోగకరమో కూడ చూడబడును.

ఇట్టి ప్రకటన కోరికను పుట్టింపదు; ఉన్న కోరికను మన గుమ్మమునకు త్రిప్పును. బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. దాని పేరు జనులకు సుపరిచితము గావున వెదకువారు కలరు. పేరే యెఱుగని సరకును ఎవరును వెదకరు. దానికి రుచి చూపించుటయే తొలి ప్రకటన. యార్డులో బస్తాలకొలది అమ్ముడగు ధాన్యమునకు, ప్రత్తికి ఈ ప్రకటనతో పనియే లేదు.

ఇక లెక్క. ఇచ్చట చూపు అంకెలు ఉదాహరణమునకు మాత్రమే. ఒక మామిడిపండ్ల పెట్టె 900 రూపాయలకు అమ్మితిమనుకొందము. పండ్లకు రైతునకిచ్చునది 450, పెట్టెకు, పార్సిలునకు 250 పోగా మిగులునది 200. నూఱుమంది నొక్కిన ఇద్దఱు కొన్నచో మిగులు 400. అనగా నొక్కునకు 4 రూపాయలవఱకే మనము తాళగలము. నొక్కునకు 10 రూపాయలైన యెడల వ్యయము 1,000, నష్టము 600. ఆ నష్టము తుదకు రైతు పండ్ల ధరమీదనే పడును.

పసుపుపొడి సంగతి వేఱు. పొట్లమునకు మిగులు 150 రూపాయలే యైనను, ఒకసారి కొన్నవారు ఏడాదిలో నాలుగు పర్యాయములు కొన్నచో 600 అగును. నూటికి ఇద్దఱే కొన్నను, నొక్కునకు 12 రూపాయలవఱకు నష్టము లేదు. కాని వారు మరల కొందురను మాట మన ఖాతాపుస్తకము చెప్పవలెనే గాని మన యాశ చెప్పరాదు.

ప్రకటన లేనిదే మన పేరెవరికి తెలియునని అడుగువారు కలరు. నిజమే. కాని వ్యయము లేని మార్గములు ముందు పూర్తి కావలెను. గూగుల్ పటములో సంఘపు చిరునామాను ఉచితముగా చేర్చుకొనవచ్చును. ప్రతి పెట్టెలో మన ఫోను సంఖ్య గల చీటీ నుంచవచ్చును. కొన్నవారిని వచ్చు ఋతువున పలుకరింపవచ్చును.

పిదప ప్రయత్నింపదలచినచో కొన్ని జాగ్రత్తలు వలయును. పార్సిలు పోని ఊళ్లకు ప్రకటన పోరాదు. మామిడి మొక్కలు, మామిడికాయ పచ్చడి చేయు విధానము, మార్కెట్టు ధరలు వెదకువారు మన కొనుగోలుదారులు గారు. అట్టి మాటలను ముందే మినహాయింపవలెను. దినమునకింతయని పరిమితి యుంచినను, ఒక్కొక్క దినమున దానికి రెండింతలవఱకు వ్యయము కావచ్చును. నెల మొత్తమున మాత్రము ఆ పరిమితికి 30.4 రెట్లు మించి వసూలు చేయరు. ఇది యెఱుగక కోశాధికారి కంగారుపడరాదు. మఱియు సంఘము పేరునే వ్రాసి వెదకువారిలో పెక్కుమంది ఎటులైనను మనయొద్దకే వచ్చువారు. వారి కొనుగోలును ప్రకటన ఫలముగా వ్రాసికొనుట ఆత్మవంచన.

మా నిశ్చితాభిప్రాయ మిది: నేరుగా పంపదగిన, పేరుగల, తగిన మిగులుగల సరకు ఉన్నచోట ఒక ఋతువు ప్రయత్నించుట తప్పు గాదు. పోయినను సంఘము తాళగల మొత్తమును పాలకవర్గము ముందే తీర్మానింపవలెను. దానికి వేఱు ఖాతా తెఱచి, ఎన్ని నొక్కులకు ఎన్ని పెట్టెలు అమ్ముడైనవో వారము వారము వ్రాయవలెను. ఆ మొత్తము ముగిసి మిగులు కానరానిచో, మొగమాటము లేక ఆపివేయవలెను. వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ విషయము చర్చకు వచ్చినపుడు సభ్యులెల్లరు చేత లెక్కకాగితముతో రావలెనని కోరుచున్నాము.