బెయిలిచ్చారు సరే, జామీనెవరిస్తారు?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ హైకోర్టుల గౌరవనీయ ప్రధాన న్యాయమూర్తులకు,

జిల్లా కోర్టుల వార్తలు రాస్తూ చాలాకాలం గడిపినవాణ్ణి. పెద్ద కేసుల గురించి మీకు చెప్పేందుకు నా దగ్గర ఏమీ లేదు. అవి ఎలాగూ మీ ముందుకే వస్తాయి. అక్కడిదాకా రాలేని ఒక చిన్న సంగతి చెప్పుకోవడానికే ఈ ఉత్తరం. బెయిలు మంజూరయ్యాక కూడా మనిషి జైల్లోనే ఉండిపోవడం గురించి.

సెల్‌ఫోన్ కొట్టేశాడనో, తాగిన గొడవలో ఎవరి తలో పగలగొట్టాడనో ఒకణ్ణి పట్టుకున్నారనుకుందాం. ఇరవై నాలుగు గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరుస్తారు, రిమాండు పడుతుంది. కొన్నాళ్లకు లాయరు పిటిషన్ వేస్తాడు, బెయిలొస్తుంది. మా పేపర్లో వార్త అక్కడితో సరి. ఇంట్లోవాళ్లకు అసలు తిప్పలు ఆ తర్వాతే మొదలవుతాయి. ఉత్తర్వు చివర ఒక మాట ఉంటుంది: పది వేలకు సొంత పూచీకత్తు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు.

ఆ మాట కోర్టు వరండాలోకి వచ్చేసరికి ఎలా మారుతుందో చూడండి.

“పది వేలు కట్టాలా బాబూ?” అని అడుగుతుంది తల్లి.

“కట్టక్కర్లేదమ్మా. ఆస్తి ఉన్నోళ్లు ఇద్దరు వచ్చి సంతకం పెట్టాలి. ఇంటిపన్ను రసీదు, ఆధార్ తెచ్చుకోవాలి. మీవాళ్లలో సొంతిల్లు ఉన్నోళ్లు ఎవరున్నారు?” అంటాడు వకీలు గుమాస్తా.

ఆమె ఆలోచనలో పడుతుంది. తనది అద్దె గది. పాచిపని చేసే ఇంటి అమ్మగారిని అడుగుదామంటే, కొడుకు జైల్లో ఉన్నాడని తెలిసిన మర్నాడే ఆ పని ఊడుతుంది. ఊళ్లో అన్నకు ఇల్లుంది గానీ రసీదు ఇంకా చనిపోయిన తండ్రి పేరు మీదే వస్తోంది. పక్కింటాయన మంచివాడే, కానీ కోర్టు అనగానే ఆయన భార్య తలుపు వేసేసింది. అంతా విన్న గుమాస్తా గొంతు తగ్గించి రెండో దారి చెబుతాడు. ఆ దారికి రేటు ఉంటుంది.

కిరాయి జామీనుదార్ల సంగతి మీకు తెలియనిది కాదు. కోర్టు ఎదుట టీ కొట్టు దగ్గర వాళ్లకు పాఠం చెప్పడం నేను దగ్గరుండి విన్నాను. “ముద్దాయి పేరు? తండ్రి పేరు? నీకేమవుతాడు?” అని గుమాస్తా అడుగుతుంటాడు. “మా వీధేనయ్యా, చిన్నప్పట్నుంచీ తెలుసు” అని అప్పజెప్పాలి. తండ్రి పేరు దగ్గర తడబడితే మళ్లీ మొదటికి. కాసేపటికి అదే మనిషి బోనెక్కి, తాను ఎన్నడూ మొహం చూడని కుర్రాడికి పూచీ పడతాడు. ఎంతమందికి జామీను ఉన్నదీ చెప్పి తీరాలని చట్టం ఉంది. వాళ్లు చెప్పేది ఒకరో ఇద్దరో.

ఈ ఏర్పాటు వల్ల కోర్టుకు ఒరిగిందేమిటన్నది నా ప్రశ్న. జామీను పెట్టించడంలో ఉద్దేశం, ముద్దాయిని ఎరిగినవాడు, వాయిదాకు లాక్కురాగలవాడు ఒకడు ఉండాలని. వాణ్ణి ఎరిగిన తల్లికీ మేనమామకీ ఆస్తి లేదు కాబట్టి వాళ్లు పనికిరారు. ఆస్తి కాగితం ఉన్నవాడు ముద్దాయిని ఎరగడు. వాయిదా ఎగ్గొడితే వెతికి తెచ్చేది ఎవరు? ఈలోగా ఆ తల్లి వడ్డీకి తెచ్చిన డబ్బు టీ కొట్టు దగ్గర చేతులు మారింది. అదీ పుట్టకపోతే కొడుకు లోపలే.

దేశమంతటా లెక్క చూస్తే ఇది పిల్ల కాలువ కాదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో 2022 లెక్కల ప్రకారం జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే నేరం రుజువు కానివాళ్లే ప్రతి నలుగురిలో ముగ్గురు. వీళ్లంతా జామీను దొరక్క ఉన్నవాళ్లని నేను అనడం లేదు. చాలామందికి బెయిలే రాలేదు, కొందరికి రాకూడదు కూడా. అయితే 2022 నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవ సభలో, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల ఎదుటే, రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము చిన్న చిన్న గొడవలకు జైలుపాలై ఇళ్లకు చేరలేని పేదల గురించి మాట్లాడారు. ఆ తర్వాత సుప్రీంకోర్టు వివరాలు తెప్పిస్తే, బెయిలు వచ్చీ బయటికి రానివాళ్లు సుమారు 5,000 మంది తేలారు. న్యాయ సహాయం అందించాక 1,417 మంది విడుదలయ్యారు. ఎవరో అడిగారు కాబట్టి వాళ్లు లెక్కలోకి వచ్చారు.

చట్టంలో లోటుందా అంటే, పెద్దగా లేదు. 1978లోనే మోతీరామ్ కేసు వచ్చింది. ఆయన మధ్యప్రదేశ్‌కు చెందిన మేస్త్రీ. సుప్రీంకోర్టు బెయిలిస్తే కింది మేజిస్ట్రేటు 10,000 రూపాయల జామీను అడిగారు. మోతీరామ్ సోదరుడు ముందుకొచ్చాడు. అతనూ అతని ఆస్తీ వేరే జిల్లాలో ఉన్నాయని కాదన్నారు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ షరతును కొట్టేసి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. ఆ తీర్పులో ఆయన మనవాళ్లనూ తలచుకున్నారు. ఒక మలయాళీయో, కన్నడిగుడో, తమిళుడో, తెలుగువాడో బస్తర్‌లోనో పోర్ట్‌బ్లెయిర్‌లోనో పట్టుబడితే, అక్కడ ఆస్తిపాస్తులున్న జామీనుదారుణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తాడని అడిగారు.

ఇప్పుడు ఆ ప్రశ్న తిరగబడింది. ఒడిశాలోని బలంగీర్ వైపు నుంచి మన ఇటుక బట్టీలకు ఏటా కుటుంబాలకు కుటుంబాలే వలస వస్తాయి. శేషాచలం అడవుల ఎర్రచందనం కేసుల్లో పట్టుబడేవాళ్లలో తమిళనాడు కొండ ఊళ్ల కూలీలు చాలామంది. వాళ్లకు తిరుపతిలోనో సంగారెడ్డిలోనో ఇంటిపన్ను రసీదు ఎవరిస్తారు? తెలుగువాడి గురించి కేరళకు చెందిన న్యాయమూర్తి అడిగారు. ఒడియా కూలీ గురించి మన కోర్టులే అడగాలి.

మోతీరామ్ తర్వాతి ఏడాదే హుస్సేనారా ఖాతూన్ కేసు వచ్చింది. బీహార్ జైళ్లలో, పడబోయే శిక్షకు మించి మగ్గిన విచారణ ఖైదీల గురించి పేపర్లో కథనాలొస్తే, న్యాయవాది పుష్పా కపిలా హింగోరానీ కోర్టుకెక్కారు. ఊరూ కుటుంబమూ ఉన్నవాణ్ణి, పారిపోడని నమ్మకం ఉన్నవాణ్ణి సొంత పూచీకత్తు మీద పంపవచ్చని జస్టిస్ భగవతి చెప్పారు. తర్వాత చట్టమే మారింది. బెయిలబుల్ నేరంలో అరెస్టయిన వారంలోగా జామీను పెట్టుకోలేనివాణ్ణి పేదవాడిగానే భావించి సొంత పూచీకత్తు మీద వదలాలి. ఇప్పటి భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 478వ సెక్షన్. నాన్‌బెయిలబుల్ కేసులకు ఈ వారం గడువు వర్తించదు. చిక్కంతా అక్కడే ఉంది.

దానికీ సుప్రీంకోర్టు 2023 జనవరి 31న దారి చూపింది. బెయిలొచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలి. నెలలోగా జామీను పెట్టుకోలేకపోతే కోర్టు తనంతట తానే షరతు సడలించే విషయం పరిశీలించవచ్చు. స్థానిక జామీనే కావాలని పట్టుబట్టవద్దు. 2024 ఆగస్టులో మరో మెట్టు ఎక్కింది. పదమూడు కేసుల్లో బెయిలొచ్చినా అన్నింటికీ వేర్వేరు జామీనుదార్లను తేలేని వ్యక్తికి, ఉన్నవాళ్లే అన్నింటికీ సరిపోతారని చెప్పింది.

ప్రభుత్వం వైపు నుంచి చూస్తే, పేద ఖైదీల కోసం కేంద్రం పెట్టిన పథకం కింద విచారణ ఖైదీకి డబ్బు సాయం దొరుకుతుంది. మంచిదే. కానీ ఆ పథకం డబ్బిస్తుంది, ఇల్లూ పొలమూ ఉన్న మేనమామను ఇవ్వదు. జామీను బదులు నగదు డిపాజిట్ తీసుకోవడం మేజిస్ట్రేటు ఇష్టం. (సంగారెడ్డి పాత జైలును మ్యూజియం చేసి, 500 రూపాయలు కట్టినవాళ్లకు ఒక రోజు ఖైదీ జీవితం రుచి చూపించారు గుర్తుందా? లోపలికి వెళ్లే రేటు మాత్రం అందరికీ అందుబాటులోనే పెట్టాం.)

మేజిస్ట్రేట్లనూ తప్పుపట్టలేను. సొంత పూచీకత్తు మీద వదిలిన మనిషి కనబడకుండా పోతే వారెంటు మీద వారెంటు పేరుకుంటుంది, కేసు కదలదు, పెండింగు లెక్క వాళ్ల నెత్తిన పడుతుంది. మీ దగ్గర్నుంచి సంజాయిషీ అడిగే కాగితం వస్తుందేమోనన్న బెరుకు కూడా ఉంటుంది. ఇద్దరు జామీనుదార్లను రాసేస్తే ఎవరూ వేలెత్తి చూపరు. నిజానికి వాయిదా తప్పేవాళ్లందరూ పారిపోయినవాళ్లు కారు. తేదీ తెలియనివాళ్లుంటారు, ఆ రోజు కూలి పోగొట్టుకోలేనివాళ్లుంటారు. వాయిదాకు రెండు రోజుల ముందు తెలుగులో ఒక ఫోన్ సందేశం పంపితే చాలామంది వస్తారని నా నమ్మకం. ముద్దాయి ఎక్కడున్నాడో గూగుల్ మ్యాప్‌లో పోలీసులకు చూపిస్తుండాలన్న షరతును సుప్రీంకోర్టు 2024లో కొట్టేసింది. నేను అడిగేది అలాంటి నిఘా కాదు, గుర్తుచేయడం మాత్రమే.

కింది కోర్టుల మీద పర్యవేక్షణ మీది. మీ రాష్ట్రంలో న్యాయ సేవాధికార సంస్థకు ముఖ్య సంరక్షకులూ మీరే. అందుకే మీకు రాస్తున్నాను. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో, మొదటిసారి పట్టుబడినవాళ్లకు ముందు సొంత పూచీకత్తే ఇవ్వాలని, జామీనుదారులు కావాలనుకుంటే ఎందుకో రెండు ముక్కలు రాయాలని ఒక సర్క్యులర్ పంపండి. కారణం రాయవలసి వస్తే కలం కాస్త ఆగుతుంది. ఆస్తి లేకపోయినా తల్లినో, అన్ననో, బట్టీలో తోటి కూలీనో జామీనుగా ఒప్పుకోవచ్చని అందులోనే స్పష్టం చేయండి. అలా వదిలిన మనిషి ఒకడు పారిపోతే ఆ నింద మేజిస్ట్రేటు మీద పడదని కూడా రాయండి. వాళ్లకు అన్నిటికన్నా కావలసింది ఆ భరోసానే.

ప్రతి నెలా మొదటి వారంలో, బెయిలొచ్చి ఏడు రోజులు దాటినా లోపలున్నవాళ్ల సంఖ్య జైలువారీగా, కోర్టువారీగా మీ వెబ్‌సైట్లలో పెట్టించండి. పేర్లు అక్కర్లేదు. ఏ కోర్టు నుంచి ఎందరు, ఎన్నాళ్లుగా అన్నది చాలు. జైళ్ల దగ్గర ఆ వివరాలు ఉండాలి, ఎందుకంటే బెయిలు తేదీని ఈ-ప్రిజన్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించమని 2023 ఆదేశాల్లోనే ఉంది. మొదటి జాబితా వచ్చిన రోజున, మేం విలేకరులం దాన్ని పట్టుకుని జిల్లా జిల్లాకూ వెళ్లి ఆ తల్లులతో మాట్లాడతాం.

భవదీయుడు,
ఒక జిల్లా విలేకరి