న్యాయవాదికి చదువు.. కక్షిదారుకు రక్ష

వాణిజ్య వ్యాజ్యాల చట్టాలు పదేళ్లలో సమూలంగా మారాయి
జడ్జీల శిక్షణకు చట్టంలో చోటు.. న్యాయవాదుల శిక్షణ వారి ఇష్టానికే

హైదరాబాద్‌: అబిడ్స్‌లో బేరం కుదురుతుంది. బేరం చెడితే అడుగులు నాంపల్లి వైపు పడతాయి. రెండింటి మధ్య దూరం రెండు కిలోమీటర్ల లోపే. అయితే బాకీ వసూలుకు ఇరవై ఏళ్ల కిందట పనికొచ్చిన పద్ధతి ఇప్పుడు పనికిరాదు. 2015 నుంచి వాణిజ్య వ్యాజ్యాలకు సంబంధించిన చట్టాలు ఒకదాని వెంట ఒకటి మారాయి. గడువులు బిగిశాయి, సాక్ష్యం తీరు మారింది, దావాకు ముందు మరో మెట్టు వచ్చి చేరింది. ఈ మార్పులను అందిపుచ్చుకున్న న్యాయవాది చేతిలో కేసు నిలుస్తోంది. అందుకోని న్యాయవాది వల్ల నష్టపోయేది మాత్రం ఆయన కాదు, ఆయనను నమ్మి వకాలత్‌ ఇచ్చిన కక్షిదారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ట్రూప్‌బజార్‌లో విద్యుత్‌ సామగ్రి అమ్మే ఒక వ్యాపారి ఒక కాంట్రాక్టరుకు రూ.8 లక్షల సరుకు అరువుపై ఇచ్చాడనుకుందాం. ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే వచ్చాయి. కాంట్రాక్టరు రూ.2 లక్షలకు ఇచ్చిన చెక్కు బ్యాంకు నుంచి తిరిగొచ్చింది. మిగతా సొమ్ముకు సమాధానం లేదు. ఈ చిన్న తగాదాలోనే గత పదేళ్ల సంస్కరణలన్నీ ఎదురవుతాయి.

రూ.కోటి నుంచి రూ.3 లక్షలకు

వాణిజ్య న్యాయస్థానాల చట్టం 2015 అక్టోబర్‌ 23 నుంచి అమల్లోకి వచ్చింది. తొలుత రూ.కోటి, ఆపై విలువైన వివాదాలకే అది వర్తించేది. అబిడ్స్‌ దుకాణదారుకు దానితో పెద్దగా పని లేకపోయింది. 2018 మే 3 నుంచి ఆ పరిమితిని రూ.3 లక్షలకు తగ్గించడంతో పరిస్థితి తారుమారైంది. సరుకుల అమ్మకం, సేవల ఒప్పందాలు, భాగస్వామ్య తగాదాలు, ఫ్రాంచైజీ వివాదాలు ఈ పరిధిలోకి వచ్చాయి. పూర్తిగా వ్యాపారానికే వాడే దుకాణాల లీజులు కూడా వచ్చాయి. ఆస్తి భవిష్యత్తులో వ్యాపారానికి వాడే అవకాశం ఉంటే చాలదని, వాస్తవంగా వాడుతూ ఉండాలని అంబాలాల్‌ సారాభాయ్‌ కేసులో 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే రూ.8 లక్షల బాకీ దావా నేడు మామూలు సివిల్‌ దావా కాదు. దాన్ని మామూలు దావాగా వేసిన న్యాయవాది మొదటి అడుగే తప్పుగా వేసినట్లు.

దావాకు ముందే మధ్యవర్తిత్వం

2018 సవరణతో వచ్చిన 12ఏ సెక్షన్‌ ప్రకారం, అత్యవసర మధ్యంతర ఉత్తర్వులు అవసరం లేని కేసుల్లో దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. న్యాయసేవాధికార సంస్థకు రూ.1,000 రుసుముతో దరఖాస్తు చేయాలి. 2018 నియమాల ప్రకారం మూడు నెలల్లో ప్రక్రియ ముగియాలి. ఇరుపక్షాలు అంగీకరిస్తే మరో రెండు నెలలు పొడిగించవచ్చు. ఆ కాలాన్ని దావా కాలపరిమితి నుంచి మినహాయిస్తారు. రాజీ కుదిరితే ఆ ఒప్పందానికి ఆర్బిట్రేషన్‌ తీర్పుతో సమానమైన బలం ఉంటుంది. ఎదుటి పక్షం రాకపోతే ఆ మేరకు ఇచ్చే నివేదికతో దావా వేసుకోవచ్చు.

ఇది లాంఛనమేనని చాలాకాలం పాటు భావించారు. పాటిల్‌ ఆటోమేషన్‌ కేసులో 2022 ఆగస్టు 17న సుప్రీంకోర్టు ఆ భావనకు తెర దించింది. 12ఏ తప్పనిసరని, దాన్ని పాటించని దావాను తిరస్కరించాల్సిందేనని చెప్పింది. 2022 ఆగస్టు 20 నుంచి ఈ నిబంధన కచ్చితంగా వర్తిస్తోంది. అత్యవసరం పేరు చెప్పి తప్పించుకునే ఎత్తుగడలు చెల్లవని, అవసరం నిజమైనదో కాదో దావా పత్రం చూసి కోర్టు పరిశీలించాలని 2023 అక్టోబర్‌ 13 నాటి మరో తీర్పు పేర్కొంది. సరుకు బాకీకి దావా వేసే కాలపరిమితి మూడేళ్లు. మధ్యవర్తిత్వం లేకుండా చివరి వారంలో దావా వేస్తే, అది తిరస్కరణకు గురయ్యేసరికి గడువు కూడా దాటిపోయే ప్రమాదం ఉంది.

120 రోజులు దాటితే నోరు మూసినట్లే

ప్రతివాది తరఫు న్యాయవాదికి ప్రమాదం మరోచోట పొంచి ఉంది. వాణిజ్య దావాలో సమన్లు అందిన 30 రోజుల్లో రాతపూర్వక జవాబు దాఖలు చేయాలి. కారణాలు చూపి, ఖర్చులు చెల్లించి గరిష్ఠంగా 120 రోజుల వరకు గడువు పొందవచ్చు. ఆపై ఒక్కరోజు దాటినా జవాబు చెప్పుకొనే హక్కు పోతుంది. కోర్టుకు కూడా ఆ గడువు పొడిగించే అధికారం లేదని ఎస్‌సీజీ కాంట్రాక్ట్స్‌ కేసులో 2019 ఫిబ్రవరి 12న సుప్రీంకోర్టు తేల్చింది. మామూలు సివిల్‌ దావాల్లో వాయిదాలకు అలవాటుపడిన చేతికి ఇది గట్టి దెబ్బ.

పత్రాల విషయమూ అంతే. వాది తన వద్దనున్న పత్రాలన్నీ దావాతోపాటే ఇవ్వాలి. తర్వాత తెస్తే కోర్టు అనుమతి, సహేతుక కారణం రెండూ కావాలి. కేసు నిర్వహణ కోసం జరిపే తొలి విచారణ తేదీ నుంచి ఆరు నెలల్లో వాదనలు ముగిసేలా కోర్టు షెడ్యూలు ఖరారు చేయాలి. న్యాయవాది రాలేదన్న ఒక్క కారణంతో ఆ విచారణను వాయిదా వేయరాదని చట్టంలోనే రాశారు. అప్పీలుకు 60 రోజులే గడువు. ఆలస్యాన్ని మన్నించడం మినహాయింపే తప్ప ఆనవాయితీ కాదని 2021 మార్చి 19న సుప్రీంకోర్టు హెచ్చరించింది.

సెల్‌ఫోన్‌ సాక్ష్యానికి రెండు సంతకాలు

మన వ్యాపారి వద్దనున్న గట్టి ఆధారం వాట్సాప్‌ సందేశాలే. 2024 జులై 1 నుంచి పాత సాక్ష్యాధార చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. అందరికీ కంఠతా వచ్చిన 65బి సెక్షన్‌ స్థానాన్ని 63వ సెక్షన్‌ తీసుకుంది. ధ్రువపత్రం రెండు భాగాలైంది. మొదటిది సాక్ష్యం సమర్పించేవారు ఇవ్వాలి, రెండోది నిపుణుడు ఇవ్వాలి. ఫైలు మారలేదని చూపే హ్యాష్‌ విలువను అందులో పేర్కొనాలి. 2024 జులై 1 నాటికే పెండింగ్‌లో ఉన్న విచారణలకు పాత చట్టమే కొనసాగుతుంది. అంటే ఒకే న్యాయవాది ఒకే రోజు ఒక కేసులో పాత ధ్రువపత్రం, మరో కేసులో కొత్త ధ్రువపత్రం ఇవ్వాల్సి రావచ్చు. తెరపై కనిపించినదాన్ని కాగితంపై ముద్రించి ఇస్తే సరిపోతుందనుకుంటే ఉన్న ఒక్క ఆధారమూ చేజారుతుంది.

నాంపల్లిలో చెక్కు కేసు

తిరిగొచ్చిన చెక్కు వ్యవహారం నాంపల్లి క్రిమినల్‌ కోర్టులకు చేరుతుంది. 2015 సవరణ తర్వాత, చెక్కును ఖాతాలో జమ చేసినప్పుడు ఆ ఖాతా ఉన్న బ్యాంకు శాఖ పరిధిలోని కోర్టులోనే ఫిర్యాదు చేయాలి. విచారణ సాగుతుండగానే చెక్కు మొత్తంలో 20 శాతం వరకు మధ్యంతర పరిహారం కోరే వీలు 2018 సెప్టెంబర్‌ 1 నుంచి ఉంది. దీన్ని అడగడమే మరిచిపోతే కోర్టు తనంతట తాను గుర్తు చేయాలనేమీ లేదు.

కొత్త క్రిమినల్‌ ప్రక్రియ చట్టం వచ్చాక, ఫిర్యాదును స్వీకరించే ముందే నిందితుడి వాదన వినాలా అన్న సందేహం తలెత్తింది. చెక్కు కేసుల్లో ఆ అవసరం లేదని 2025 సెప్టెంబర్‌ 25న సుప్రీంకోర్టు చెప్పింది. రాజీ ఖర్చులనూ అదే తీర్పు సవరించింది. నిందితుడు తన సాక్ష్యం నమోదుకు ముందే సొమ్ము చెల్లిస్తే అదనపు భారం ఉండదు. ఆలస్యమయ్యే కొద్దీ భారం పెరుగుతుంది. ఈ ఒక్క విషయం తెలిసిన న్యాయవాది తన కక్షిదారును నెలల తరబడి తిప్పడు.

దివాలా చట్టం పేరుతో భయపెట్టే నోటీసులూ ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి. 2020 మార్చి 24 నుంచి కంపెనీపై దివాలా ప్రక్రియ ప్రారంభించాలంటే బాకీ కనీసం రూ.కోటి ఉండాలి. రూ.8 లక్షల బాకీకి ఆ నోటీసు కాగితం ఖర్చుకే దండగ.

నిన్నటి తీర్పు నేడు లేదు

చట్టం చదివితే సరిపోదు, తీర్పుల వెంటా నడవాలి. ఒప్పందాల అమలుకు సంబంధించిన స్పెసిఫిక్‌ రిలీఫ్‌ చట్టానికి 2018 అక్టోబర్‌ 1 నుంచి సవరణలు వచ్చాయి. అవి పాత ఒప్పందాలకు వర్తించవని, తెలంగాణ నుంచి వెళ్లిన ఒక భూమి ఒప్పందం కేసులో 2022 ఆగస్టు 25న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అదే కేసులో పునఃసమీక్ష అనంతరం 2024 నవంబర్‌ 8న ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. 2022 నాటి తీర్పు ప్రతిని భద్రంగా ఫైలులో పెట్టుకుని వాదనకు లేచే న్యాయవాదికి, అది రెండేళ్లకే రద్దయిందని ఎదుటి న్యాయవాది చెప్పేదాకా తెలియకపోతే పరిస్థితి ఏమిటి? ఇది మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసే.

అందరికీ ఉంది.. ఒకరికి తప్ప

వాణిజ్య న్యాయస్థానాల చట్టం 20వ సెక్షన్‌ శిక్షణ, నిరంతర విద్య గురించే చెబుతుంది. హైకోర్టును సంప్రదించి ప్రభుత్వం శిక్షణ సదుపాయాలు కల్పించవచ్చని అందులో ఉంది. అయితే అది జడ్జీలకే. ఛార్టర్డ్‌ అకౌంటెంట్ల విషయం చూస్తే, ప్రాక్టీసులో ఉన్న 60 ఏళ్లలోపు సభ్యులు మూడేళ్లలో 120 గంటల నిరంతర విద్య పూర్తి చేయాలి. ఒకే వ్యాపారి ఖాతాలు చూసే ఆడిటరుకు ఈ నియమం ఉంది. అదే వ్యాపారి దావా నడిపే న్యాయవాదికి దేశంలో అలాంటి నిర్బంధం లేదు.

న్యాయవాదుల చట్టం, 1961లో దారి లేకపోలేదు. న్యాయ విషయాలపై సదస్సులు, ప్రసంగాలు ఏర్పాటు చేయడం, పత్రికలు ప్రచురించడం రాష్ట్ర బార్‌ కౌన్సిళ్ల విధుల్లో ఒకటని ఆరో సెక్షన్‌ పేర్కొంది. విధి ఉంది, అయితే ఎవరు హాజరయ్యారు, ఏం నేర్చుకున్నారు అనే లెక్క అడిగే నియమం లేదు.

మరోవైపు కక్షిదారుకు ఉన్న దారులు కుదించుకుపోయాయి. న్యాయవాదుల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి రావని 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దుష్ప్రవర్తన అయితే బార్‌ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. నష్టపరిహారానికి సివిల్‌ కోర్టుకు వెళ్లవచ్చు. ఒక దావాలో నష్టపోయినవాడు మరో దావా వేయడమే ఆ దారి. అలాంటప్పుడు తప్పు జరగకుండా చూసే బాధ్యత వృత్తిపైనే ఎక్కువగా పడుతుంది.

గంటల లెక్కతోనే సరిపోదు

విదేశాల్లో ఈ నిర్బంధం కొత్త కాదు. న్యూయార్క్‌లో అనుభవజ్ఞులైన న్యాయవాదులు రెండేళ్లకు 24 గంటలు, కాలిఫోర్నియాలో మూడేళ్లకు 25 గంటలు చదువుకోవాలి. అక్కడ ప్రాక్టీసు చేస్తున్న తెలుగువారికీ ఇది తప్పదు. ఇంగ్లాండ్‌లో మాత్రం సొలిసిటర్లకు ఏడాదికి 16 గంటలన్న పాత నియమాన్ని 2016లో ఎత్తివేశారు. హాజరు వేయించుకోవడం వేరు, నేర్చుకోవడం వేరన్న గ్రహింపే దీనికి మూలం. ఇప్పుడు తమ నైపుణ్యాన్ని నిలబెట్టుకుంటున్నామని వారే ఏటా ధ్రువీకరించాలి.

నిర్బంధ శిక్షణ అనగానే మన న్యాయవాదుల్లో అభ్యంతరాలు సహజం. జూనియర్లకు నెల గడవడమే కష్టం. జూనియర్లకు పట్టణాల్లో నెలకు రూ.20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో రూ.15 వేలు ఇవ్వాలని 2024 అక్టోబర్‌లో బార్‌ కౌన్సిల్‌ ఆఫ్‌ ఇండియా సూచించింది. అది సూచన మాత్రమే. ఆ మాత్రం రాబడి లేనివారిపై శిక్షణ రుసుము మోపితే అన్యాయమే. సీనియరు వద్ద నేర్చుకోవడమే అసలు శిక్షణ అన్న వాదనా ఉంది. దానిలో నిజం లేకపోలేదు. క్రాస్‌ ఎగ్జామినేషన్‌, కోర్టు మర్యాద సీనియరు వద్దే అబ్బుతాయి. అయితే 63వ సెక్షన్‌ ధ్రువపత్రం సీనియరుకూ కొత్తదే. ఇక్కడ ఇద్దరూ ఒకే బెంచీపై కూర్చోవాలి.

చేయదగిన పనులు

భారీ ఖర్చు అక్కర్లేదు. నెలకోసారి కోర్టు వేళలు ముగిశాక నాంపల్లి బార్‌ హాలులోనే గంటన్నర తరగతి పెట్టవచ్చు. రుసుము ఉండరాదు. జిల్లాల నుంచి వచ్చి తెలుగు మాధ్యమంలో చదివిన జూనియర్లు ఎందరో ఉన్నందున బోధన తెలుగులో సాగాలి. ప్రసంగాలకన్నా చేతితో చేయించే పని ముఖ్యం. ఒక మధ్యవర్తిత్వ దరఖాస్తు, ఒక రెండు భాగాల ధ్రువపత్రం, ఒక మధ్యంతర పరిహార పిటిషన్‌ అక్కడే రాయించాలి. ఏ తీర్పు వచ్చింది, ఏది రద్దయింది అన్నది ప్రతి నెలా ఒక్క పేజీలో పంచాలి.

వనరులు చేరువలోనే ఉన్నాయి. బషీర్‌బాగ్‌లో పీజీ న్యాయ కళాశాల ఉంది. శామీర్‌పేటలో నల్సార్‌ ఉంది. రెడ్‌హిల్స్‌లో 1917 నుంచి చరిత్ర ఉన్న వాణిజ్య మండలి సమాఖ్య ఉంది. వ్యాపారులకు ఎక్కడ నొప్పి ఉందో దానికే బాగా తెలుసు. దేశంలోనే తొలి దివాలా పరిష్కార ప్రణాళికను 2017 ఆగస్టులో ఆమోదించింది జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్‌ హైదరాబాద్‌ బెంచే. కొత్త చట్టాన్ని ముందుగా అందిపుచ్చుకోవడం ఈ నగరానికి చేతకానిది కాదు.

వ్యాపారులూ తమ వంతుగా న్యాయవాదిని మూడు ప్రశ్నలు అడగాలి. మధ్యవర్తిత్వ దరఖాస్తు వేశారా? సమన్లు అందిన తేదీ నుంచి ఎన్ని రోజులయ్యాయి? ఫోనులోని సందేశాలకు ధ్రువపత్రం ఎవరు ఇస్తారు? వీటికి వెంటనే జవాబు చెప్పగల న్యాయవాది వద్ద కేసు భద్రంగా ఉన్నట్లే. జవాబు చెప్పలేని న్యాయవాదికి ఆ జవాబు నేర్పే ఏర్పాటు చేయడం బార్‌ కౌన్సిల్‌, బార్‌ సంఘాల బాధ్యత. చట్టం మారిన వేగంతో వృత్తి మారకపోతే ఆ తేడాకు మూల్యం చెల్లించేది కోర్టు గుమ్మం వద్ద ఫైలు పట్టుకుని నిలబడిన కక్షిదారే.