రౌతు లేని గుర్రం

2026 ఫిబ్రవరిలో ఇటలీలో జరిగిన శీతాకాల ఒలింపిక్స్‌కు హైతీ నుంచి వెళ్ళింది ఇద్దరే ఆటగాళ్ళు. వాళ్ళ దుస్తుల మీద, బానిసత్వాన్ని కూల్చిన హైతీ వీరుడు టుస్సాన్ లూవెర్త్యూర్ గుర్రమెక్కిన బొమ్మ ఉండాల్సింది. హైతీ చిత్రకారుడు ఎడువార్ దువాల్-కారియే చిత్రం ఆధారంగా డిజైనర్ స్టెల్లా జీన్ తీర్చిన దుస్తులవి. అది రాజకీయ చిహ్నం, కుదరదు పొమ్మంది అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ. రౌతు మీద రంగు పూశారు, ఎర్రగుర్రం మిగిలింది. అంతకన్నా ఒళ్ళు మండించేది, దీన్ని వెనకేసుకొచ్చే వాదన. ఆటల్లోకి రాజకీయాలెందుకు, జెండా పట్టుకుని నడవనిస్తున్నారు కదా, దేశానికి ఆ గౌరవం చాలదా అంటున్నారు. ఆ జెండాను ఒక్కసారైనా కళ్ళు పెట్టి చూసినవాళ్ళు అనే మాట కాదిది.

చూడండి. నీలం పట్టీ పైన, ఎరుపు పట్టీ కింద, నడుమ తెల్లని చతురస్రంలో దేశ చిహ్నం. అందులో తాటిజాతి చెట్టొకటి, దాని నెత్తిన స్వేచ్ఛకు గుర్తుగా ఒక టోపీ. చెట్టుకు రెండు వైపులా ఫిరంగులు, వాటి దగ్గర గుండ్లు, బాయినెట్లు బిగించిన తుపాకులు, యుద్ధభేరి. ఇన్ని ఆయుధాలున్న గుడ్డ రాజకీయం కాదట, గుర్రమెక్కిన మనిషి రాజకీయమట! పోనీ ఆయుధాలు వదిలేద్దాం, ఆ రెండు రంగుల సంగతేమిటి? 1803 మే 18న ఆర్కాహే పట్నంలో ఫ్రెంచి పాలన మీద తిరగబడిన సేనానులు సమావేశమైనప్పుడు వాళ్ళ నాయకుడు జాన్-జాక్ దెస్సలీన్ ఫ్రెంచి మూడురంగుల జెండా అందుకుని నడిమి తెలుపును చించి పారేశాడని, మిగిలిన నీలాన్నీ ఎరుపునూ కేథరిన్ ఫ్లోన్ అనే ఆమె కలిపి కుట్టిందని హైతీయులు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఏటా ఆ రోజే వాళ్ళ జెండా పండుగ. తెల్లదొరల పాలనను నడిమికి చించేసిన గుర్తు అది. అంతకు మించిన రాజకీయ ప్రకటన ఏ బొమ్మలో ఉంటుంది? ఆ జెండా పుట్టడానికి దాదాపు నెలన్నర ముందే, ఏప్రిల్ 7న, టుస్సాన్ కన్నుమూశాడు. నెపోలియన్ సేనాపతులు మాట్లాడుకుందాం రమ్మని పిలిచి, పట్టి బంధించి, ఓడెక్కించి, జురా కొండల్లోని ఫోర్ ద జూ కోటలో పడేశారు. ఉష్ణదేశపు మనిషిని ఆ కొండల చలికి వదిలేసి చంపారు. అలాంటివాడి బొమ్మ మంచు ఆటల పండుగలో తన దేశపు బిడ్డల ఒంటి మీద కనబడితే ఎవరి కొంప మునిగింది?

అసలు జబ్బు వారసత్వమంటే వంట, డప్పు, రంగుల బట్ట అనుకోవడంలో ఉంది. హైతీయులు సూప్ జూమూ అని పిలిచే గుమ్మడికాయ సూప్‌ను 2021లో యునెస్కో మానవజాతి వారసత్వాల జాబితాకెక్కించింది. మంచిదే. కానీ ఏటా జనవరి 1న ఇంటింటా అది ఎందుకు కాస్తారు? తోటల్లో బానిసలు దొరల కోసం వండి, తాము రుచి చూడడానికి లేని సూప్ అది. 1804 జనవరి 1న స్వతంత్రం ప్రకటించుకున్నాక అందరూ తాగారు. కాబట్టి అందులో గుమ్మడికాయతో పాటు తిరుగుబాటు కూడా ఉంది. గిన్నెలోకి వచ్చిన తిరుగుబాటును పొగుడుతారు, గుర్రమెక్కిన తిరుగుబాటును తుడిచేస్తారు. నల్లవాళ్ళ సంస్కృతిని నెత్తిన పెట్టుకుంటామంటూ ఆ సంస్కృతిని నిలబెట్టిన యుద్ధాన్ని మాత్రం గుమ్మం బయట ఉంచే ఈ మర్యాద పాత అవమానమే.

రాజకీయ చిహ్నాలు కూడదన్న నిబంధన అందరికీ ఒకటే అంటారు. ఒకటే అయితే ఫ్రాన్స్ గెలిచినప్పుడు, 1792లో యుద్ధానికని కట్టిన ఆ దేశపు జాతీయగీతాన్ని ఎందుకు వాయిస్తారు? టుస్సాన్ పేరు వింటే నొచ్చుకునే దేశమేదైనా ఉంటే అది ఫ్రాన్సే అయి ఉండాలి. ఆ ఫ్రాన్సే 1998లో పారిస్ పాంథియోన్‌లో ఆయన పేరు చెక్కించుకుంది! ఈ బొమ్మను ఒప్పుకుంటే రేపు నియంతల బొమ్మలూ వస్తాయన్న భయమొకటి. నేటి తగాదాలకు వాడుకునే బొమ్మ వేరు, రెండు శతాబ్దాల కిందట బానిసత్వాన్ని కూల్చినవాడి బొమ్మ వేరు. గీత ఎక్కడ గీయాలో కూర్చుని తేల్చుకోవడం కమిటీ పని. ఇక జెండాతో ఆడుకున్న నియంత సంగతి హైతీయులకు ఒకరు చెప్పాలా? 1964లో ఫ్రాన్స్వా దువాలియే జెండాను నలుపు, ఎరుపుగా మార్చేశాడు. 1986లో అతని కొడుకు పారిపోగానే జనం నీలం, ఎరుపు తిరిగి తెచ్చుకున్నారు.

చివరగా ఒక మాట అంటారు చూడండి, అది సహించరానిది: రాజధానిని ముఠాలు ఏలుతున్నాయి, జనం ఆకలితో ఉన్నారు, ఇప్పుడు వీరుల బొమ్మలెందుకని. ఆ ఆకలికి చరిత్ర లేదా? 1825లో ఫ్రెంచి రాజు పదో చార్లెస్ యుద్ధనౌకలు పంపి, గుర్తింపు కావాలంటే 15 కోట్ల ఫ్రాంకులు కట్టమన్నాడు. తోటలూ మనుషులూ పోయిన యజమానులకు నష్టపరిహారమట! 1838లో అది 9 కోట్లకు తగ్గింది. దాన్ని కట్టడానికి ఫ్రెంచి బ్యాంకుల దగ్గరే అప్పు చేయాల్సి వచ్చింది, ఆ అప్పుల బరువు 1947 దాకా వదల్లేదు. నడుమ 1915 నుంచి 1934 వరకు అమెరికా సైన్యం దేశాన్ని తన గుప్పిట్లో పెట్టుకుంది. స్వేచ్ఛకు ఇంత ధర చెల్లించిన జనానికి, ఆ స్వేచ్ఛ తెచ్చినవాడి ముఖం చూపించుకునే హక్కు పేదరికం వల్ల పోతుందా? ఒలింపిక్ కమిటీ ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవాలి. 2028లో లాస్ ఏంజెలెస్‌లో హైతీ జట్టు టుస్సాన్ బొమ్మతో నడవవచ్చునని ఇప్పుడే, రాతపూర్వకంగా ప్రకటించాలి.